ట్యాంకుల గుడ్డపేలికలు

12 నవంబర్ 1973, సోమవారం

పొద్దుగాల సండాసుల నీళ్లు దిగలే. రెండు బకీట్లు కొట్టిన. బేసిన్‌ల నీళ్లు గుండ్రంగ తిరిగి అట్లనే నిలవడ్డయి. శానాసేపటికి మెల్లగ గుంజుకున్నయి.

ఎవరికీ చెప్పలే. ఆయన షిఫ్టు నుంచి వచ్చి అప్పుడే పన్నడు. పెనిమిటి పేరు తియ్యరాదంటది అత్త. డైరీలనన్న రాసుకుంట. తుకారాం. చక్కెర ఫ్యాక్టరీల పాకం కాగే కాడ పని. సీజన్ మొదలైంది, ఇగ ఎండలు ముదిరే దాక ఆయన ఇంట్ల నిద్రపోయే మనిషే తప్ప మాట్లాడే మనిషి కాదు.

మా గల్లిల సెప్టిక్ ట్యాంకున్న ఇల్లు మాదొక్కటే. అంతకు ముందు సాయవ్వ అనే ఆమె వెనక తలుపుకెల్లి వచ్చి తట్టల ఎత్తుకపోయేది. ఒక వానకాలం తట్ట కారి ఆమె ముఖం మీదికెల్లి దిగుతుంటె కిటికీల నుంచి చూసిన. ఆమె గూడ నన్ను చూసింది. నడుచుకుంట పోయింది. ఆ దినం నాకు అన్నం దిగలే. మన పెంట ఇంకొక మనిషి నెత్తికెత్తద్దని ఆయనతోటి నెలల పొడుగు కొట్లాడిన. చివరికి లింబయ్య మేస్త్రి వచ్చి కట్టిండు. అందుకే ఈ ట్యాంకు నాది. దీంట్ల ఏం తక్లీబొచ్చినా నా తప్పే అన్నట్టు ఉంటది నాకు.

15 నవంబర్

అందరినీ వాకిట్ల నిలవెట్టి మళ్ల చెప్పిన. బడిల నా క్లాసు పిల్లలకు చెప్పినట్టే అయింది. గుడ్డపేలిక పడొద్దు. వెంట్రుకలు పడొద్దు. పొయ్యిల బూడిద ఎయ్యొద్దు. వాసనొస్తున్నదని ఫినాయిల్, యాసిడ్ పొయ్యొద్దు, లోపట మురుగును తినే పురుగు సస్తది, అది సస్తె ట్యాంకు ఉత్త గుంత. తానం నీళ్లు అటు మలపొద్దు, అరటిచెట్ల మొదట్లకే పోవాలె.

ముందర గదిల కిరాయికుండే జకియా నవ్వింది, అక్కా, నీ ట్యాంకు పసిపోరగాని కంటె నాజూకున్నదన్నది. ఆమె పెనిమిటి ముస్తఫా భాయి టైలరు, మిషను తొక్కుకుంటనే తల ఊపిండు. మా బిడ్డ కళ, ఐదేండ్లది, నేను చెప్పినయన్ని తిప్పి చెప్పింది. అత్త చాటల బియ్యం ఏరుకుంట కూసున్నది. తల ఎత్తలే.

28 నవంబర్

గల్లి నిండ చెరుకు బండ్లు. ఫ్యాక్టరీ గేటు దాక లైను. కోటగిరి నుంచి వచ్చినాయన నీడకని బండిని మా పక్క జాగలకు తోలిండు. చక్రం ట్యాంకు బండ మీదికి ఎక్కుతున్నది. ఉరికి పోయి ఎద్దుల ముందర నిలవడ్డ. గా బండ పలిగితె ఎద్దు లోపట పడ్తదని చెప్తే భయపడి ఎనకకు మలిపిండు. బండ అంత ఒంగి చూసిన. పగులు లేదు.

మరి నీళ్లెందుకు దిగుతలేవు.

9 డిసెంబర్, ఆదివారం

సండాసు ఉబ్బి బయటికొచ్చింది.

కళకు రాత్రి సంది విరేచనాలు. పొద్దుగాల సండాసు తలుపు తీస్తే గడప దాటి వాకిట్ల దాక. బాయి ఎంత దూరమున్నది, ఇటు వాలున్నదా, అటు వాలున్నదా, అదొక్కటే చూస్తున్న. బాయి నీళ్లు ఎవరూ తాగొద్దన్న. తాగేటివి కాంచి పెట్టిన. మట్టి తెచ్చి గడపకాడ కట్టపోసిన.

ఎదురింటి ప్రమీలమ్మ ముక్కుకు కొంగు అడ్డంపెట్టుకోని వచ్చింది. ఇంట్ల పెంట దాసుకునుడు మంచిది కాదని నేను ముందే చెప్పిన్నా లేదా గోదావరీ అన్నది. చెప్పింది.

లింబయ్య వచ్చిండు. బండ జరిపి అందరినీ దూరం కొట్టిండు. శానాసేపు గాలి పోనిచ్చినంక పొడుగు బొంగుకు ఇనుప కొక్కెం కట్టి, పక్కకు నిలవడి గుంజిండు. ట్యాంకు నిండలేదంట. ట్యాంకు మంచిగున్నదంట. సండాసు నుంచి వచ్చే పైపు మూతికాడ అడ్డం పడ్డది.

గుడ్డపేలికలు. తట్టెడు. నల్లగ, ముద్దలు ముద్దలు. ఏ గుడ్డనో, ఏ రంగో తెలుస్తలేదు.

నేను చూసిన. మా ఆయన చూసిండు. ఇద్దరం ముందర గది దిక్కు చూసినం. ఆడ మిషను కింద కత్తిరింపు ముక్కలు కుప్పగ పడి ఉన్నయి.

10 డిసెంబర్

కళకు జెర నయం. ఆయనకు గుస్స దిగలే. ఇంకెన్ని గుడ్డలున్నయో లోపటికి దిగి తియ్యాలె, ఇద్దరు మనుషులను పిలుస్త, కల్లు తాగిపిస్తె దిగుతరన్నడు. లోపటి గాలికి మనిషి మళ్ల పైకి రాడని లింబయ్య నిన్ననే చెప్పిండు గద అన్న. ఎప్పటిసందో దిగుతున్నరు, ఏమైతదన్నడు. ఎవల్లనన్న దించేదుంటె ముందు నన్ను దించు అన్న. తలుపు కొట్టి డ్యూటీకి పోయిండు.

14 డిసెంబర్

మొన్న జకియాను అడిగిన. అడుగుడు కాదు, నువ్వే అన్న.

నేను ఎయ్యలే అక్కా అన్నది. ఒక్కసారే అన్నది. తరువాత లోపలి గది తలుపు దిక్కు చూసింది. ఆడ అత్త నిలవడ్డది. జకియా తల వంచుకున్నది. అబద్ధం చెప్పలేక తల వంచుకున్నదనుకున్న.

గప్పటిసంది ఆమె మా సండాసు వాడుతలేదు. పొద్దు పొడవక ముందే చెంబు పట్టుకోని చెరుకు తోట దిక్కు పోతున్నది.

20 డిసెంబర్

ముస్తఫా భాయి వాళ్లు గది ఖాళీ చేసిండ్రు. పొమ్మన్నది ఆయన. పొమ్మనమని ఆయనకు చెప్పింది నేను. పొయ్యేముందు జకియా గది అంత కడిగి, గడపకు నీళ్లు సల్లి పోయింది. మిషను బండిల ఎక్కిస్తుంటె అత్త వాకిట్లకు వచ్చింది, ఏదో అనబోయింది, దగ్గు వచ్చి కూసున్నది.

1 జనవరి 1974

బకీటు పోస్తె చప్పుడు చేసుకుంట పోతున్నయి నీళ్లు. పానం హాయిగున్నది.

17 జనవరి

ముందర గదికి తాళం. సండాసుల మళ్ల నీళ్లు నిలవడ్డయి.

18 జనవరి

బడికి పోలే. కడుపునొప్పని చీటి పంపిన.

సండాసు ఎనక చిన్న చాంబర్ ఉంటది, మూత ఒక్కదాన్నే జరిపిన. లింబయ్య చెప్పినట్టే గాలి పోనిచ్చి, ముఖం పక్కకు పెట్టి, కొక్కెం ఏసి గుంజిన. వచ్చింది. ఇంకా నల్లబడలే. మొన్నటిదో, అటుమొన్నటిదో. బొక్కెనల ఏసి నీళ్లు పోసి కర్రతోటి కలిపిన.

తెల్లగున్నది. మెత్తటి నూలు. సన్నటి నీలం అంచు.

ఇది ధోతి. మా ఇంట్ల ధోతి కట్టే మనిషి లేడు. మామ కట్టేటోడు. మామ కాలం చేసినంక అత్త ఆ ధోతులు మడతలు పెట్టి సందుగల దాసుకున్నది, ఎవ్వరికి ఇయ్యలే, కళ పుట్టినప్పుడు పొత్తిగుడ్డలకు అడిగినా ఇయ్యలే.

అత్త బాయి కాడికి పోయినప్పుడు సందుగ తీసిన. రెండే ఉన్నయి. ఒకటి సగం చింపి ఉన్నది.

బొక్కెన నీళ్లు ఎర్రగున్నయి. ముట్టుడిగి ఎన్ని ఏండ్లాయెనో ఆమెకు.

నాకేం సమజయితలేదు. సమజయితున్నది. కావద్దనుకుంటున్న.

20 జనవరి

అడగాలని నోటి దాక వస్తది. ఆమె ముఖం చూస్తె మాట పోతది. చీర కుచ్చిళ్లు ఎట్ల సర్దుకుంటున్నదో ఇప్పుడు కనవడుతున్నది. నడుస్తె గోడ పట్టుకుంటున్నది. ఇన్ని దినాలు నా కండ్లు ఎక్కడ పెట్టిన? ట్యాంకులకు కట్టె ఏసి మురుగు ఎంతున్నదో కొలిసిన. అదే ఇంట్ల ఆరు అడుగుల దూరంల ఉన్న మనిషిని చూడలే.

డాల్డా డబ్బ ఖాళీ చేసి, మూత గట్టిగున్నదా చూసి, సండాసుల మూలకు పెట్టిన. కింద ఎండుటాకులు పరిచిన. ఇంట్ల వినవడేటట్టు చెప్పిన, ఎవరికన్న గుడ్డ పారేసేదుంటె అండ్ల ఎయ్యాలె, నేను ఎనక కాలపెడ్త, ఎవ్వరూ మూత తియ్యరు అని. అత్త పొయ్యి దిక్కు తిరిగి ఉన్నది.

పారెయ్యొద్దని అందరికీ చెప్పిన. ఎక్కడ ఎయ్యాలెనో ఇన్ని దినాలు ఎవ్వరికీ చెప్పలే.

23 జనవరి

డబ్బల ఉన్నయి. మూడు. వాసన మామూలు వాసన కాదు.

ఎనక అరటిచెట్ల కాడ కాలపెట్టిన. అత్త వచ్చి పక్కకు కూసున్నది. ఇద్దరం మంటను చూసినం. అడిగిన.

"ఎప్పటిసంది అత్తమ్మా?"

"పోయిన వానకాలం."

"నొప్పి?"

"నడుముకాడ. ముందు లేకుండె."

"నాకెందుకు చెప్పలే?"

పుల్లతోటి బూడిదను కదిపింది.

"ముసలిదానికి మళ్ల ముట్టాయెనని నవ్వుతరనుకున్న. కొడుకు ముంగట ఎట్ల తల ఎత్తాలె? ఉతికి ఆరేస్తె గల్లి అంత చూస్తది. నువ్వు బడికి పోయినంక కట్టెతోటి లోపటికి తోసిన."

తరువాత ఒకటే మాట అన్నది. "ఆ సాయిబుల పిల్లను ఉత్తగ ఎల్లగొట్టిస్తిని."

నేను లేచి లోపటికొచ్చిన. గోడకు తల పెట్టి ఏడ్చిన.

24 జనవరి

జకియా వాళ్లు రాకాసిపేటల ఒక ఇంటెనక రేకుల గదిల ఉంటున్నరు. ముస్తఫా భాయి నన్ను చూసి మిషను ఆపి బయటికి పోయిండు. జకియా పీట ఏసింది.

ఆమెకు తెలుసంట. అత్త గుడ్డలు లోపటికి తోసుడు దీపావళప్పుడే చూసిందంట. అత్త ఆమె చెయ్యి పట్టి తన నెత్తి మీద పెట్టుకోని ఒట్టు ఏయించుకున్నదంట, నా కోడలికి చెప్తె బాయిల పడ్త అన్నదంట. నువ్వు చెప్పరాదే అవ్వా అని రోజు బతిమిలాడిన అక్కా, గా ఒట్టుకు భయపడ్డ, చెప్పేదుండె, నాదే తప్పాయె అన్నది.

ఆమె తప్పంట. నేను ఏ ముఖం పెట్టుకోని మాఫీ అడగాలె? అడిగిన. మళ్ల ఇంటికి రమ్మన్న. చాయ్ పోసింది. ఇంటికి రాము అక్కా, గని అవ్వకాడికి వస్త అన్నది.

26 జనవరి

బడిల జెండా ఎగిరేసినం. పిల్లలకు చాక్లెట్లు పంచిన. ఆయనకు రాత్రి చెప్పిన. మామ ఫోటో కింద పోయి కూసున్నడు.

2 ఫిబ్రవరి

బోధన్ దవాఖానల లేడీ డాక్టర్ అత్తను చూసి చేతులు కడుక్కున్నది. శానాసేపు కడుక్కున్నది. హైదరాబాద్ తీస్కపొండ్రి, ఆలస్యం చెయ్యకుండ్రి అన్నది.

8 ఫిబ్రవరి, హైదరాబాద్

గర్భసంచి మూతికాడ పుండు. మంచి పుండు కాదు. పక్కలకు పాకింది. కరెంటు పెడ్తె, అంటె మిషను కిరణాలు పట్టిస్తె, రక్తం ఆగుతది, నొప్పి తగ్గుతది, అంతకు ఎక్కువ చెప్పలేమన్నరు. మొదట రక్తం కనవడ్డప్పుడే తెస్తే అని డాక్టర్ మొదలుపెట్టి, ఆయన ముఖం చూసి ఆపిండు.

ఆయన వరండల తూర్పు గోడను కొట్టుకుంట నిలవడ్డడు. అరచేయి ఎర్రగయింది. నాకున్నది ఒక్క తల్లి గద అన్నడు. ఇరవై మంది చూస్తున్నరు. నేను ఆయన చెయ్యి పట్టుకున్న. పెండ్లయినకాడి సంది నలుగురి ముంగట పట్టుకోలే.

19 మార్చి

ఇంటికొచ్చినం. రక్తం ఆగింది. అత్త ఎండిపోయింది. రవ్వ జావ తాగింది. చెరుకు రసం అడిగింది.

గంత మంది ఆడోళ్లున్నరే ఆ వార్డుల, అందరు నాలెక్కనే దాసుకున్నోళ్లేనే అన్నది.

14 ఏప్రిల్

కరెంటు పెట్టినంక ఇట్లయితదని చెప్పిండ్రు గని ఇంతనుకోలే. అత్తకు దినమంత విరేచనాలు. గోడ పట్టుకోని సండాసుకు పోతది, వస్తది, మళ్ల పోతది. బాయిల నీళ్లు అడుగంటినయి. చేదితె బురద. సండాసుల సరిపోను నీళ్లు పొయ్యకపోతె మళ్ల అడ్డం పడ్తది. తానాలు బంద్ చేసినం, కళకు తడిగుడ్డతోటి తుడుస్తున్న. గిన్నెలు కడిగిన నీళ్లు వడగట్టి దాసి, జిడ్డు లేనియి సండాసుకు పోస్తున్న.

జకియా వచ్చింది. కత్తిరింపు ముక్కలు, మెత్తటియి ఏరి, మడతలు పెట్టి కుట్టి తెచ్చింది. ఒక మూటెడు. అత్త ఆ మూటను పక్కలకు గుంజుకున్నది. ముస్తఫా భాయి పంపిండంట.

11 మే

రైళ్లు బంద్. దేశమంత స్ట్రైకు. డాక్టర్‌కు అత్తను చూపియ్యాలె. బస్సుల పోతె కూసోలేదు, పండుకోలేదు. నిజామాబాద్ దాక పోయి ఎనకకు మలిగినం. ఇగ నన్ను తిప్పకు బిడ్డా అన్నది ఆయనతోటి.

ఇగ తిప్పం.

23 మే

ఇయ్యాల ఆయనకు నాకు పెద్ద కొట్లాట. వాసన ఎక్కువైందని ఆయన ఫినాయిల్ సీసాలు తెచ్చిండు, డబ్బెడు. ఒకటి మూత తీసి పొయ్యబోయిండు. గుంజుకున్న. పగిలింది. చెయ్యి తెగింది.

"అవ్వ పానం పోతుంటె నీకు ట్యాంకు ఫికరా?"

గల్లికి వినవడ్డది. నాకు గూడ గొంతు లేచింది. "ట్యాంకు సస్తె అవ్వ యాడికి పోవాలె? చెరుకు తోటకా? నువ్వు ఎత్తుకపోతవా? సాయవ్వను మళ్ల పిలుస్తవా?"

ఆయన నేల మీద కూలవడ్డడు. గాజు ముక్కలు ఏరుకుంట ఏడ్చిండు. నేను ఫినాయిల్ మీద మన్ను సల్లి, ఎత్తి, ట్యాంకుకు దూరంగ గుంత తవ్వి పూడ్చిన. మాపటికి ఆయనే బొంగు తెచ్చి, ట్యాంకుల మురుగు ఎంతున్నదో ఎట్ల కొలవాలె చూపియ్యి అన్నడు. చూపిచ్చిన. పావువంతు కాలే ఇంక. వానకాలం దాక ఆగుతదన్నడు. ఇద్దరం బండ మూసినం.

అత్త లోపటికెల్లి అంత విన్నదనుకుంట. నన్ను పిలిచి తెగిన చెయ్యికి కొంగు చింపి కట్టింది.

16 జూన్

అత్త లేస్తలేదు. పళ్లెం పెట్టి నేనే తీస్తున్న, నేనే తీస్కపోయి సండాసుల పోస్తున్న. మొదటి దినం గడపకాడ ఆగిన. కొంగు ముక్కుకు పెట్టుకోవాలనిపిచ్చింది. అత్త కండ్లు తెరిచి చూస్తున్నది. పెట్టుకోలే.

2 జులై

వానలు మంచిగ పడుతున్నయి. బాయిల నీళ్లొచ్చినయి.

మాత్రలకు నొప్పి ఆగుతలేదు. పొద్దంత మూలుగుడే. కళను జకియా తోలుకపోయింది. పానం తొందరగ పోతె బాగుండునని మనసుల అనుకున్న. అనుకోని, దేవుని ముంగట పోయి చెంపలేసుకున్న. మళ్ల అదే అనుకున్న.

9 జులై

పొద్దుగాల పోయింది. ఆయన ఒడిల తల. నేను కాళ్లకాడ.

ఒక్క ధోతి మిగిలి ఉండె సందుగల. ఆమె మీద కప్పినం.

4 ఆగస్టు

దినాలైనంక ఇల్లు బోసిగున్నది. లింబయ్య వచ్చి ట్యాంకు చూసిండు. మురుగు మూడోవంతుకు దగ్గరైంది, మునిసిపాలిటి పంపు బండిని పిలువుమన్నడు, మనిషి దిగే పని లేదన్నడు. మా ఆయనే పోయి చెప్పొచ్చిండు.

బడిల హెడ్మాస్టర్ సార్‌ను అడిగి, శనివారం మధ్యాహ్నం పెద్ద క్లాసు ఆడపిల్లలతోటి, వాళ్ల తల్లులతోటి ఒక గంట కూసుంటున్న. సండాసుల ఏం ఎయ్యొద్దో చెప్పుకుంట మొదలువెడ్త. ఎక్కడ ఎయ్యాలెనో చెప్త. అక్కడికెల్లి మెల్లగ రెండో మాటకు పోత. ముట్టుడిగినంక రక్తం కనవడ్తె షరమ్ పడొద్దని, దవాఖానకు పోవాలెనని. మొదటివారం నలుగురు వచ్చిండ్రు. ఇద్దరు మధ్యల లేచి పోయిండ్రు. ప్రమీలమ్మ కోడలు వచ్చి కూసున్నది. ఇంటికి పోయి అత్తకు చెప్పిందంట. గవేం మాటలు, టీచరమ్మకు సిగ్గు లేదన్నదంట.

6 అక్టోబర్ 1974, ఆదివారం

ప్రమీలమ్మ వచ్చింది. కూసున్నది. నీళ్లిచ్చిన, గిలాస పట్టుకున్నది, తాగలే. పిల్లను బయటికి పంపుమన్నది.

"నాక్కూడ, గోదావరీ."

రేపు పొద్దుగాల మొదటి బస్సుకు దవాఖానకు పోతున్నం.